సనహన్బి వాళ్ళక్క

పొద్దున ఏడింటికే తౌబాల్ మైదానం పక్కనున్న తన కొట్టులో తంబాల్, సింజు అనే పచ్చికూరల సలాడ్ కోసం క్యాబేజీని దారాల్లా తరుగుతోంది. ఎండుచేప, మిరపకాయలు కలిపి దంచిన ఘాటుకు కళ్ళు మండుతున్నాయి. మొదటి బేరానికి వచ్చిన పక్కవీధి ఆవిడ సంచీ కింద పెట్టకుండానే పలకరించింది.

"ఏం సనహన్బి వాళ్ళక్కా, మీ చెల్లెలు జట్టు ప్రకటించిందట. పేపరు చూశావా?"

ఆ ఊళ్ళో తంబాల్‌ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేకుండాపోయి పాతికేళ్ళు దాటింది. చెల్లెలు సనహన్బి పదిహేనేళ్ళు దేశానికి ఫుట్‌బాల్ ఆడింది, అందులో ఏడేళ్ళు నాయకురాలు. ఏదైనా కప్పు గెలిచి వచ్చిందంటే విమానాశ్రయం నుంచి ఇంటిదాకా డోళ్ళు మోగేవి. ఆట మానేశాక రాష్ట్ర జట్టుకు శిక్షణ ఇచ్చింది. ఆరు నెలల కిందట భారత మహిళల జట్టుకు కోచ్ అయింది. బడి గోడ మీద ఆమె నిలువెత్తు బొమ్మ వేశారు. ఆ గోడ ఎదురవుతుందని తంబాల్ చుట్టుదారిన బజారుకు వెళ్ళేది.

ఒకప్పుడు ఇద్దరూ ఇదే మైదానంలో ఆడారు. జనం వచ్చేది తంబాల్ ఎడమకాలి దెబ్బ చూడటానికి. చెల్లెలు అప్పట్లో పక్కన పరుగెత్తే పిల్ల, అంతే. "మా అమ్మ ఆపేసింది గానీ, లేకపోతే కథ వేరేగా ఉండేది," అని తంబాల్ అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేది. చెప్పగా చెప్పగా అది నిజమేనని తనకే అనిపించసాగింది.

ఇప్పుడు ఆశంతా కూతురు లింథోయి మీదే. పందొమ్మిదేళ్ళ ఆ పిల్ల జాతీయ శిబిరానికి ఎంపికై నెల కిందట గౌహతి వెళ్ళింది.

తంబాల్ చేతులు తుడుచుకోకుండానే ఆవిడ దగ్గర్నుంచి పేపరు లాక్కుంది. ఇరవై మూడు పేర్లు. మూడుసార్లు చదివింది. లింథోయి పేరు లేదు.

మధ్యాహ్నం ఒక విలేకరి వచ్చి ప్లేటు సింజు తిన్నాడు. నీళ్ళు తాగుతూ మెల్లగా కదిపాడు.

"సొంత అక్క కూతురికే చోటు లేదేంటమ్మా?"

తంబాల్ కత్తిపీట పక్కకు నెట్టింది. "ఎందుకుంటుంది? తనకంటే బాగా ఆడేది ఇంకొకతి వస్తే తన పేరు చెరిగిపోదూ? జట్టు గెలిస్తే ఎంత, ఓడితే ఎంత, దానికి కావలసింది దాని బొమ్మే!"

"రాసుకోమంటారా?"

"రాసుకో. నా పేరు పెట్టి మరీ రాయి."

మర్నాడు 'అక్క కూతుర్నే తొక్కేసిన కోచ్' అని పెద్ద అక్షరాలతో వచ్చింది. సాయంత్రానికల్లా ఫోన్లలో ఊరంతా అదే. లింథోయిని ఎందుకు తీసేశారో చెప్పమని ఫుట్‌బాల్ సంఘం పెద్దలు సనహన్బిని అడిగారట. "అది ఆటకు సంబంధించిన నిర్ణయం," అని ఒక్క ముక్క చెప్పి ఆమె ఊరుకుందట. "చూశారా, జవాబు లేదు!" అని తంబాల్ కొట్టుకొచ్చిన ప్రతివాళ్ళతోనూ అంది.

ఆ మర్నాడు తంబాల్ కొట్టులో ఉన్న వేళ లింథోయి ఇంటికి వచ్చింది. పేపరు చూసి తెల్లబోయింది. అన్నం వద్దంది, ప్రయాణం బడలిక అని చెప్పి దుప్పటి కప్పుకుని పడుకుంది. తంబాల్ గుమ్మంలో నిలబడి జట్టు సంగతులు అడిగి, చెల్లెల్ని తిట్టిపోసిందే తప్ప, లోపలికి వెళ్ళి కూతురి మొహం చూడలేదు.

తర్వాతి రోజు పొద్దున ముసలి తల్లికి తంబాల్ నల్లబియ్యం జావ పోస్తుండగా వాకిట్లో కారు ఆగింది. సనహన్బి దిగింది. మూడు రోజులుగా నిద్రలేనట్టు కళ్ళు లోపలికి పోయాయి.

"అక్కా, నన్ను తిట్టాలనుకుంటే నాకు ఫోన్ చేస్తే సరిపోయేది."

"చేస్తే ఎత్తడానికి నీకు తీరికుందా? దేశానికే కోచ్‌వి!" తంబాల్ గిన్నె ఠక్కున కింద పెట్టింది. "నా చోటు తీసుకున్నావు, నోరెత్తలేదు. నా కూతురి చోటు కూడా కావాలా నీకు?"

"నీ చోటా? నేనెప్పుడు తీసుకున్నానక్కా?"

"అమ్మ నన్ను ఆపకపోతే ఆ రోజు జాతీయ శిబిరానికి బస్సెక్కేది నేను!"

జావ అంటిన మూతి తుడుచుకుంటున్న తల్లి చెయ్యి ఆగింది. "నేనాపానా? నీ సంచీ సర్దింది నేను. దారిలో తింటావని అటుకులు మూట కట్టాను. తెల్లారేసరికి నువ్వు నీ మొగుడితో లేచిపోయావు. శిబిరం ఎక్కడికి పోతుంది, వచ్చే ఏడు వెళతాలే అని కబురు పంపింది ఎవరే? ఇన్నాళ్ళూ ఊరందరి ముందూ నా పేరే చెబుతుంటే, పిల్ల బాధలో ఉందిలే అని ఊరుకున్నాను."

గది తలుపు తెరుచుకుంది. గోడ పట్టుకుని లింథోయి కుంటుతూ వచ్చింది. కుడి మోకాలు దిండంత వాచి ఉంది.

"పిన్నిని ఏమీ అనకమ్మా. శిబిరానికి వెళ్ళిన నాలుగోరోజే మోకాలు మెలితిరిగింది. మాత్రలు మింగుతూ దాచాను. పిన్ని కనిపెట్టి స్కానింగ్‌కి పంపింది. లోపల నరం తెగిందట, ఆపరేషన్ చెయ్యాలన్నారు. ఏడాది ఆడకూడదు."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వేమైపోతావోనని! అమ్మకి నేనే చెప్పుకుంటాను, అప్పటిదాకా ఎవరికీ చెప్పొద్దని పిన్ని దగ్గర ఒట్టు వేయించుకున్నాను. తీరా ఇంటికొస్తే నువ్వు జట్టు గురించి అడిగావు, పిన్ని గురించి అడిగావు. నేనెలా ఉన్నానని ఒక్కసారి అడిగావా?"

తంబాల్ నేల మీద కూలబడింది. ఆ మోకాలి మీద చెయ్యి వేయబోయి, నొప్పెడుతుందేమోనని వెనక్కి తీసుకుంది. "ఎక్కడ తల్లీ... ఎక్కడ నొప్పి?" అంది. లింథోయి చంటిపిల్లలా బావురుమంది.

పిల్లని పడుకోబెట్టి వచ్చి, తంబాల్ అందరి ముందే విలేకరికి ఫోన్ చేసింది.

"నేను చెప్పింది అబద్ధం బాబూ. నా కూతురికి దెబ్బ తగిలింది. అది దాచినందుకే మా చెల్లెలు మాటలు పడింది."

"మరి మీరెందుకు అలా చెప్పారమ్మా?"

తంబాల్ కళ్ళు మూసుకుంది. "అసూయతో. ఆ మాటే రాయి, మార్చకు."

సనహన్బి తల తిప్పుకుని కన్నీళ్ళు తుడుచుకుంది. కాసేపటికి అక్క పక్కన వచ్చి కూర్చుంది. "నాకు మాత్రం లేదనుకున్నావా? నేను కొట్టిన ప్రతి గోలూ రాత్రి పడుకున్నాక నీ ఎడమకాలితో పోల్చుకునేదాన్ని. ఒక్కటీ అంత బాగా రాలేదు. లేచిపోయావని తెలిసినరోజు ఏడ్చాను గానీ, లోపలెక్కడో హమ్మయ్య అనుకున్నాను. ఆ హమ్మయ్య నన్ను ఇప్పటికీ పొడుస్తుందక్కా."

మధ్యాహ్నం విమానానికి వేళయ్యింది. కారు దాకా వెళ్ళి తంబాల్ తలుపు పట్టుకుని నిలబడింది.

"నువ్వు గెలిస్తే నాకు కడుపుమంట రాదని మాటివ్వలేనే."

"వస్తే నాకే ఫోన్ చేసి తిట్టు. ఎన్నింటికైనా సరే ఎత్తుతాను."

తంబాల్ నవ్వబోయింది, ఏడుపొచ్చింది. ఏడుస్తూనే వంగి, చెల్లెలి తలని చిన్నప్పటిలా తన భుజానికి అదుముకుంది. "వెళ్ళు. గెలిచి రా, సనా," అంది.