వచ్చినట్టు రాసిన మనిషి

ఏడో గదిలో దుప్పటి మార్చడానికి ఎంతసేపు పడుతుంది? మహా అయితే ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాల పనికి భయపడి నెల రోజులుగా ఆమె మేడెక్కలేదు.

ఆమెది మునిసిపాలిటీలో ఉద్యోగం. మానసిక ఆస్పత్రిలో నయమైనవాళ్ళని తెచ్చి, మునిసిపాలిటీ వసతి గృహంలో ఉంచి, కాస్త కుదురుకునేదాకా చూసుకోవాలి. వాళ్ళందరికీ ఆమె 'అక్క'. ఆస్పత్రిలో హెడ్ నర్సు ఎవరో కాదు, ఆమె సొంత వదిన. ఒకే ఇంట్లో ఉంటారు. రెండు ఆఫీసుల మధ్య వారాల తరబడి తెమలని కాగితం, ఈ ఇద్దరి ఫోన్లో చిటికెలో తెమిలిపోయేది.

ఆ శుక్రవారమూ అలాగే అనుకుంది. ఏడో గదికి టైలరమ్మ రావాలి. "కిటికీ పక్కన కుట్టుమిషన్ పెట్టించాను, నేనే వచ్చి తీసుకెళ్తాను" అని అక్క ఆవిడకి మాటిచ్చింది. నాలుగు కావస్తుండగా వదిన ఫోన్ చేసింది.

"నువ్వు రావద్దులే అమ్మాయ్, మా ఆస్పత్రి బండిలో ఎక్కించేశాను. నాలుగు దాటితే ఆ మంచం ఇంకొకరికి పోతుంది. వచ్చేసిందని రాసెయ్."

రాసేసింది.

చీకటిపడినా టైలరమ్మ రాలేదు. అడిగితే, "వాళ్ళ చెల్లెలింట్లో దిగిందట, నాలుగు రోజులుండి వస్తుందిలే" అంది వదిన. సొంత మనిషి మాట కదా, అక్క నమ్మింది.

టైలరమ్మ శవం తొమ్మిదో రోజున దొరికింది. ఆస్పత్రి పాత బ్లాకులో. బండి వచ్చేదాకా అక్కడ కూర్చోమన్నారట. మరమ్మతులని సాయంత్రం గేటుకి తాళం వేసేశారు. ఆవిడ కోసం ఎవరూ వెతకలేదు. ఎందుకు వెతుకుతారు? ఆస్పత్రి రిజిస్టరులో వెళ్ళిపోయింది, ఇక్కడి రిజిస్టరులో వచ్చేసింది.

విచారణలో వదిన అక్క కళ్ళలోకి సూటిగా చూస్తూ, "నేనసలు ఫోనే చెయ్యలేదు" అంది. నట్టేట ముంచేసింది! పైగా ఇంటికొచ్చాక ఏమీ ఎరగనట్టు భోజనానికి పిలిచింది. ఆ పిలుపుకి అక్క ఒళ్ళు మండిపోయింది. కానీ రాసిన చెయ్యి తనదేగా? ఆ సంగతి తల్చుకుంటే ముద్ద దిగలేదు.

ఇవాళ ఏడో గదికి కొత్త మనిషి వస్తోంది. తప్పదు. అక్క దుప్పట్లు చంకన పెట్టుకుని తాళం తీసింది. బయట ముసురు, లోపల మధ్యాహ్నమే మసక. మిషన్ మీద కప్పిన గుడ్డ అలాగే ఉంది. ఎవరూ ముట్టని మిషనే. మరి ఈ నూనె వాసనేమిటి?

పరుపు మీద చెయ్యి వేసింది.

వెచ్చగా ఉంది...

వెనక తలుపు పడింది. బయట గడియ జారిన చప్పుడు.

"ఎవరది? లోపల నేనున్నాను!"

తలుపు బాదింది. వాచ్‌మన్‌కి ఫోన్ చేసింది. ఎత్తలేదు. అప్పుడు మొదలైంది, వీపు వెనక... టక టక టక టక. గుడ్డ కిందే, తాపీగా, తీరిగ్గా.

ఆమె తిరగలేదు. తిరగలేకపోయింది.

"అక్కా..." చెవి పక్కనే గుసగుస. "వచ్చానని రాశావుగా. వచ్చాను."

మిషన్ ఆగిపోయింది. ఆమె నొక్కింది వదిన నంబరే. మోసం చేసిందో, ఇంకేం చేసిందో, ఆపదలో గుర్తొచ్చింది ఆ మనిషే.

"వదినా... ఏడో గదిలో ఇరుక్కుపోయాను. తలుపు పడింది. తొందరగా రా..."



"ఎవరమ్మా నువ్వు?" అంది వదిన. గొంతులో విసుగే తప్ప వేళాకోళం లేదు. "మా ఆడపడుచు ఇంటికొచ్చేసి గంటయింది."

"వదినా, నేనే! నా గొంతు తెలియడం లేదా?"

"ఇదిగో, ఎదురుగా కూర్చుని నా జాకెట్టు కుడుతుంటేనూ!"

వదిన మాటల వెనకనుంచి ఫోన్లో వినిపిస్తోంది. టక టక టక టక...

అక్కకి సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. ఆ ఇంట్లో కుట్టుమిషనే లేదు.

"వస్తున్నానే, కొలత చూసుకోవడానికేగా!" అని అటు ఎవరికో చెప్పి, వదిన ఫోన్ పెట్టేసింది.