బుధవారం అడుగులు

"మీరు నా స్టడీని ముంచేసేలా ఉన్నారండీ" అంది ఆమె, నా అడుగుల మీటరు చేతిలోకి తీసుకుని.

బయట సన్నగా వాన పడుతోంది. ఆమె ఆఫీసు గదిలోకొస్తే నాకెప్పుడూ సగం కలలో ఉన్నట్టే ఉంటుంది.

నేను కళ్ళజోళ్ళు బాగుచేస్తాను. పొద్దున కూర్చుంటే సాయంత్రానికి లేస్తాను. నాలాంటి వాళ్ళ చేత నడిపించడం ఎలాగన్నది ఆమె రీసెర్చ్. సగం మందికి ఫోన్ చేసి నడవమని పోరుతుంది. మిగతా సగం మందికి ఏమీ చెప్పదు. చివరికి తేడా చూస్తుంది. నా ఖర్మ కొద్దీ ఆ రెండో సగంలో పడ్డాను. బుధవారం బుధవారం వచ్చి మీటరు చూపించడమే నా పని.

"మామూలుగా ఉండమన్నాను కదా. మిగతా రోజులు రెండు వేలు, బుధవారం తొమ్మిది వేలు. నేను పోరినవాళ్ళు కూడా ఇంత నడవట్లేదు."

"మీటరు చెడిపోయిందేమో."

"రెండుసార్లు మార్చాను."

నేను కిటికీ వైపు చూశాను.

"ఎన్ని అడుగులో అంకెలు చెప్తాయి. ఎందుకో మనిషినే అడగాలి" అంటూ రికార్డర్ నొక్కింది. "చెప్పండి. బుధవారమే ఎందుకు?"

నిజం చెబితే స్టడీలోంచి తీసేస్తారు, ఇక బుధవారాలుండవు. అబద్ధం చెబితే ఆమె మూడేళ్ళ కష్టంలో అదే నిజమై కూర్చుంటుంది. తెలిసి తెలిసి తప్పు నంబరు అద్దాలు బిగించడం నా వల్ల కాదు.

"మూడు స్టాపుల ముందే బస్సు దిగిపోతానండీ. మీతో ఏం మాట్లాడాలో కూడబలుక్కోవడానికి. తీరా వచ్చాక ఒక్క ముక్కా గుర్తుండదు. వెళ్ళేటప్పుడు మీ మాటలు తలచుకుంటూ ఇంటిదాకా నడిచేస్తాను. మీరంటే నాకిష్టం."

రికార్డర్ మీద ఎర్రలైటు వెలుగుతూనే ఉంది. ఆమె ఒక ఫారం తీసి, స్టడీ నుంచి తప్పుకుంటున్నట్టు నా చేత సంతకం పెట్టించుకుంది. రికార్డర్ ఆపేసింది. నా పని అయిపోయిందనుకుని లేచాను.

"కూర్చోండి. స్టడీలో ఉన్నవాళ్ళతో ఇలాంటివి మాట్లాడకూడదు. ఇప్పుడు మీరు లేరు కదా."

తన నడుముకున్న మీటరు విప్పి నా ముందు పెట్టింది. తనూ ఒకటి పెట్టుకుంటుందని నాకు తెలీదు.

ఏడు వేల చిల్లర.

"ఇవాళ నేను ఈ గది దాటలేదు" అంది.

"మరి ఎక్కడ నడిచారు?"

"ఈ కుర్చీ నుంచి ఆ కిటికీకి." తల దించుకుంది. "ప్రతి బుధవారం మీ బస్సు వచ్చి ఆగుతుంది. మీరు మాత్రం దిగరు. ఇక రారేమో అనుకుంటూ తిరుగుతూ ఉంటాను."

ఆ సాయంత్రం వానలో ఒకే గొడుగు కింద చాలా దూరం నడిచాం. మీటర్లు రెండూ బల్ల మీదే వదిలేశాం.