మచ్చలేని యూనిఫాం

"మనవాడొకడు పోయాడు," అన్నాడు చీఫ్, కిటికీ తెర లాగుతూ. "మునిసిపాలిటీ క్రిమిసంహారక ప్లాంట్‌లో. పోయేముందు ఒక్క మాటే పంపాడు. 'టాంకర్' అని."

ఏజెంట్ నీడ కుర్చీలో అటూ ఇటూ కదిలాడు. అతనికి రాత్రంతా కంటిమీద కునుకు లేదు. ఊళ్లో విషజ్వరం వీధి తర్వాత వీధిని చుట్టబెడుతోంది. చెల్లెలు నిన్ననే ప్రసూతి ఆసుపత్రిలో ఆడపిల్లను కన్నది. మేనకోడలి మొహం ఇంకా చూడనే లేదు.

"ఉప్పునీళ్లలోకి కరెంటు పంపి మందు తయారుచేస్తారక్కడ. టాంకర్లలో ఊరంతా పంచుతారు. ఫారిన్ ముఠా అందులో ఏదో గోల్‌మాల్ చేస్తోంది. జ్వరం ముదిరితే మన పోర్టు మూత. ఓడలన్నీ వాళ్ల రేవుకి."

"మొదటి టాంకర్లు ఎక్కడికెళ్తాయి?"

"ప్రసూతి ఆసుపత్రికి."

నీడ అప్పటికే లేచి నిలబడ్డాడు.

"ఆగవయ్యా! లోపల మనకో మనిషి ఉంది. కోడ్‌నేమ్ కెంపు. వాళ్ల దగ్గరా జీతం తీసుకుంటుంది."

"నమ్మొచ్చా?"

"నేనైతే నమ్మను. నీ ఇష్టం."

డిపార్ట్‌మెంట్ అతనికి అతికించే మీసం, కాలర్ బటన్‌లో రేడియో, ఇస్త్రీ మడత నలగని ఖాకీ యూనిఫాం ఇచ్చింది. ఆ మూడోదే కొంప ముంచింది. ప్లాంట్ యార్డులో క్లోరిన్ వాసన ముక్కు పగలగొడుతోంది. అక్కడ పనిచేసేవాళ్లందరి బట్టల మీదా మందు చింది, రంగు పోయి, తెల్లటి మచ్చలే. వాళ్ల మధ్య నీడ పెళ్లిచూపులకొచ్చినవాడిలా నిగనిగలాడుతున్నాడు.

"కొత్తల్లుడొచ్చాడ్రోయ్!" అరిచాడో డ్రైవరు.

సూపర్‌వైజర్ తలతిప్పి అదేపనిగా చూశాడు. అతని నీలం యూనిఫాం మీదా ఒక్క మచ్చ లేదు. ఏళ్ల తరబడి చేతికి పని తగలనివ్వని మనిషన్నమాట.

క్వాలిటీ కంట్రోల్ బ్యాడ్జి, నల్ల కళ్లద్దాలు, మెడలో ఎర్ర స్కార్ఫ్‌తో ఒకావిడ దగ్గరికొచ్చింది. వెనకే సూపర్‌వైజర్.

"ఇవాళ ఎండ కాస్తుందంటావా?"

"ఆరేసిన బట్టల్ని అడగాలి."

కోడ్ కలిసింది. కెంపు రెండో నంబర్ టాంకర్ కుళాయి తిప్పి, మగ్గు నింపి, అతని గుండెల మీద గుమ్మరించింది. యార్డంతా ఒకటే నవ్వు.

"ఇప్పుడు మావాడివయ్యావు!"

రేడియో గుర్రుమని మూగబోయింది. మీసం ఒక కొస ఊడింది. నీడకు ఒళ్లు మండిపోయింది. చీఫ్ చెప్పింది అక్షరాలా నిజం, రెండు పడవల్లో కాళ్లు పెట్టినదాన్ని నమ్మడం తనదే బుద్ధితక్కువ!

మందు తగిలితే నీలంగా మారాల్సిన టెస్ట్ పేపర్లను సూపర్‌వైజర్ ఇస్తే, నీడ ఒక్కో టాంకర్‌లో ముంచాడు. అన్నీ చక్కగా నీలంగా మారాయి.

"అంతా భేషుగ్గా ఉంది. రెండో బండి కదలనీ!" అన్నాడు సూపర్‌వైజర్.

ఇంజన్ స్టార్టయింది. నీడకు కాలు నిలవడం లేదు. ఎండకి చొక్కా ఆరి, తెల్లటి మచ్చలు తేలాయి. ఏం చెయ్యాలో తోచక చేత్తో దులుపుకున్నాడు.

మచ్చ పోయింది! వేళ్లకు తెల్లటి పొడి అంటింది. నాలుక మీద పెట్టుకున్నాడు. ఉప్పు. మందు చేసిన మచ్చయితే బట్ట చిరిగేదాకా వదలదు. దీనికింద ఖాకీ రంగు చెక్కుచెదరలేదు.

రెండో టాంకర్‌లో ఉన్నవి వట్టి ఉప్పునీళ్లు. ఆ దొంగ టెస్ట్ పేపర్లు మంచినీళ్లలో ముంచినా నీలమే చూపిస్తాయి. ఆ నీళ్లతోనే ఇంకాసేపట్లో బాలింతల వార్డు కడుగుతారు.

గేటు వైపు పరుగెత్తాడు.

"ఆగరా!" సూపర్‌వైజర్ చేతిలో పిస్టల్ మెరిసింది.

నీడ ఒకటో నంబర్ టాంకర్ చాటుకి దూకి, హోస్ పైపు అందుకుని, వాల్వు తిప్పేశాడు. ధార వెళ్లి సూపర్‌వైజర్ మొహాన కొట్టింది. పిస్టల్ ఎగిరిపోయింది. పైపు చెయ్యి జారి పాములా మెలికలు తిరుగుతూ ఇద్దరినీ నిలువెల్లా తడిపింది. కళ్లు మండుతుంటే నీడ తడుముకుంటూ వెళ్లి గేటు కొక్కెం తన్నాడు. అడ్డకర్ర ధబీమని పడింది. రెండో టాంకర్ దాన్ని మూతితో ముట్టుకుని, కీచుమంటూ ఆగింది.

డ్రైవర్లంతా కలిసి సూపర్‌వైజర్‌ని నేలకి అదిమారు. పోలీసులు వచ్చేసరికి అతని నీలం యూనిఫాం మచ్చలు మచ్చలుగా పాలిపోతోంది. అన్నేళ్ల సర్వీసులో అవే మొదటివి.

అసలు మందుతో ఒకటో టాంకర్ ఆసుపత్రికి బయల్దేరింది. నీడ కెంపు దగ్గరికి నడిచాడు.

"నోటితో చెప్పి చావొచ్చుగా?"

"వాడు నా వీపుకి ఆనుకునే నిలబడ్డాడు కదా. అయినా నేనేం చెప్పాను? నీళ్లు చల్లానంతే. రేపు వాళ్లడిగినా ఇదే మాట." స్కార్ఫ్ సర్దుకుని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం ప్రసూతి వార్డు గచ్చు ఘాటుగా, శుభ్రంగా వాసనేస్తోంది. ఉయ్యాల్లో పిడికెడంత మేనకోడలు.

"ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేసేవాడివి, ఈ అవతారమేంటి అన్నయ్యా? చొక్కా నిండా ఆ మచ్చలేంటి?" అంది చెల్లెలు.

"క్లయింటు కొంచెం దురుసు మనిషిలే."

పాప బుగ్గ తాకబోయాడు.

"ఆగాగు! బయటినుంచొచ్చావు. చేతులు కడుక్కుని ముట్టుకో!"

సగం టాంకర్ క్రిమిసంహారకంతో తలస్నానం చేసొచ్చిన మనిషి, బుద్ధిగా కుళాయి దగ్గరికి నడిచాడు.