లవ్‌డే గేటు

ట్రెవోరన్ ఊళ్ళో సైకిలేసుకుని ఎటైనా పొమ్మంటారు గానీ, మసక చీకటి పడ్డాక లవ్‌డే గేటు వైపు మాత్రం పొమ్మనరు. పట్టపగలు ఆ చోటు చూస్తే నవ్వొస్తుంది. సముద్రం మీదికి వంగిన కొండ అంచు, పసుపు పూల ముళ్ళపొదలు, మధ్యలో ఓ పాత కొయ్య గేటు. అంతే. కానీ పొగమంచు కమ్మిన సాయంత్రం... అక్కడ ఎవరో నిలబడతారట. మీకోసం గేటు పట్టుకుని చూస్తుంటారట.

ఇక్కడి జనం సంగతి చెప్పక్కర్లేదు. తమకోసం ఎవరైనా తలుపు పట్టుకు నిలబడ్డారంటే ఇక వీళ్ళకి కాలు నిలవదు. మోకాళ్ళ నొప్పులవాడైనా సరే, కుంటుతూ పరిగెత్తి, థాంక్యూ చెప్పి దాటాల్సిందే. చిక్కంతా అక్కడే వచ్చింది.

హెడ్లీకి ఇదేమీ తెలియదు. దూరాన స్విండన్ పట్నంలో ఇళ్ళకి కరెంటు పనులు చేసుకునే మనిషి. అక్టోబరు బడి సెలవులకి కూతురు టిల్డాని వెంటబెట్టుకుని, సముద్రం ఒడ్డున ఉన్న పార్కులో ఓ కారవాన్, చక్రాల మీద చిన్న ఇల్లు, అద్దెకి తీసుకున్నాడు. భార్యాభర్తలు విడిపోయాక పిల్ల అతనితో గడిపేది ఏడాదికి ఇలాంటి వారాలు రెండే. అందులో మొదటి రోజే తగలేసుకున్నాడు. హెల్మెట్ పట్టీ బిగించుకోలేదని పదిమంది ముందూ గట్టిగా అరిచాడు. పదమూడేళ్ళ పిల్ల. ముఖం ఎర్రబడింది. చాలా నెమ్మదిగా అంది—

"ఇంకొక్కసారి అరిచి చూడు నాన్నా. అమ్మకి ఫోన్ చేస్తా, వచ్చి తీసుకుపోతుంది. వచ్చే ఏడాది నేను రానే రాను."

అరవనని మాటిచ్చాడు. ఆ మాట గొంతులో పెట్టుకునే మర్నాడు ఊళ్ళో సైకిళ్ళ కొట్టుకి వెళ్ళాడు.

"ఈ చుట్టుపక్కల మంచి కొండదారులేమైనా ఉన్నాయాండీ?"

కొట్టాయన డెంజిల్. డెబ్బై దాటినా చేతులకి గ్రీజు వదల్లేదు. బల్లమీద మ్యాపు పరిచాడు.

"అడవిలో ఒకటుంది నాయనా. చదును. పసిపిల్లలు కూడా తొక్కేస్తారు."

టిల్డా ఆవులించింది.

"ఇంకోటి బీడు మీదుగా. రాళ్ళూ రప్పలూ, నడుం విరిగే ఎక్కుడు, ఆఖర్న సముద్రం పక్కనే జారుడు..."

ఆవులింత సగంలో ఆగింది. "అదే కావాలి."

పిల్ల బయటికి వెళ్ళాక డెంజిల్ గొంతు తగ్గించాడు. "చివర్లో పాత గేటొకటి వస్తుంది. దాన్ని దాటొద్దు. ముందే కుడిచేతికి కొత్త దారుంది, అటు తిరుగు. గేటు అవతల నేల లేదు. కొండచరియతో పాటు దారి కూడా సముద్రంలో పడింది. బోర్డు పెట్టారు గానీ మొన్నటి గాలివాన దాన్నీ పట్టుకుపోయింది."

"ఆ గేటేదో మూసేయొచ్చుగా?"

"కుంగి బురదలో దిగబడింది. తెరిచింది తెరిచినట్టే ఉంటుంది. ఎవడొచ్చినా ముట్టుకోడు. గేటు ఎలా కనిపిస్తే అలాగే వదలాలని ఉగ్గుపాలతోనే పట్టించాం కదా మనవాళ్ళకి." మ్యాపు మడిచాడు. "ఇంకో మాట. అక్కడ ఎవరైనా గేటు పట్టుకుని నీకోసం చూస్తుంటే... తొందరపడకు. దిగి నడు."

"ఎవరు పట్టుకుంటారు?"

"లవ్‌డే. ఆ పక్క పొలం ఆవిడదే. నడుముకి బెల్టు బిగించిన వాన కోటు, ఎండాకాలంలో కూడా విప్పేది కాదు. వచ్చేపోయేవాళ్ళకి గేటు తియ్యడమంటే మహా సరదా. చరియ పడిన రోజు ఆవిడకి ఆ సంగతి తెలీదు. సాయంత్రం మంచులో ఓ కుర్రాడు సైకిలు మీద వస్తుంటే ఎప్పట్లాగే గేటు తెరిచి నిలబడింది. పాపం, ఆవిణ్ణి ఎక్కువసేపు నిలబెట్టకూడదని వాడు జోరుగా తొక్కాడు. థాంక్యూ అంటూ దాటాడు... ఆ మాటే చెప్పుకుని ఏడ్చేది. ఆ చలికాలం గడవలేదు, తనూ పోయింది. ఇప్పుడు తోడు కోసం చూస్తోందంటారు."

హెడ్లీ నవ్వేశాడు. పిల్లకి చెప్పలేదు. దెయ్యాల కథలు చెప్పి బెదిరిస్తున్నాడని వాళ్ళమ్మకి ఫోను వెళ్తుందని భయం. కనీసం కుడికి తిరగాలన్న ముక్కయినా చెప్పాల్సింది. అక్కడికొచ్చేసరికి ముందు నేనే ఉంటాను కదా అనుకున్నాడు.

ఇంకో తెలివితక్కువ పనీ చేశాడు. నిన్న ఆరింటిదాకా వెలుతురుందని ఇవాళా ఉంటుందనుకున్నాడు. ఆ తెల్లవారుజామునే, చలికాలం వస్తోందని, దేశమంతటా గడియారాలు గంట వెనక్కి జరిపారు. ఇక ఐదింటికే చీకటి. ఏటా జరిగేదే, ఏటా ఎవడో ఒకడు మర్చిపోయేదే.

మధ్యాహ్నం మాత్రం హాయిగా గడిచింది. బీడు మీద గాలికి ఎదురు తొక్కారు, రాళ్ళ మాటున కూర్చుని మాంసం కూరిన పేస్టీలు తిన్నారు. హెడ్లీ సైకిలు వెనక చక్రం పంక్చరైతే టిల్డా అతన్ని పక్కకి తోసింది. "నువ్వు కూర్చో నాన్నా, నేను మారుస్తా. నీకు చూస్తూ ఉండటం రావాలి ముందు." నవ్వింది. ఆ నవ్వు కోసమే ఇంత దూరం వచ్చాడు. ఆమె మార్చేదాకా చేతులు కట్టుకుని చూశాడు. చిల్లుపడిన ట్యూబుని భుజాన వేసుకున్నాడు.

తలెత్తి చూసేసరికి పొద్దు వాలిపోయింది. సముద్రం మీంచి తెల్లగా మంచు లేచి వస్తోంది.

దీపాలు వెలిగించుకుని దిగడం మొదలుపెట్టారు. పదిగజాల అవతల ఏముందో తెలియదు. కింద ఎక్కడో అలల హోరు... ఎడమవైపా, ఎదురుగానా, అదీ తెలియదు. టిల్డా ముందుకెళ్ళిపోయింది. మంచులో ఆమె వెనక దీపం ఎర్రచుక్కలా ఊగుతోంది.

"నెమ్మదిగా, తల్లీ..." గొంతు పెంచకుండా అన్నాడు. వినబడలేదు.

అప్పుడు చూశాడు.

ఎర్రచుక్కకి అవతల, మంచులో బూడిదరంగు మనిషి ఆకారం. నడుము దగ్గర బిగించిన కోటు. గేటు మీద చేతులు. కదలకుండా నిలబడి ఉంది. గేటు తెరిచే ఉంది.

టిల్డా కూడా చూసింది. పెడళ్ళ మీద లేచి నిలబడింది. "ఎవరో మనకోసం గేటు పట్టుకున్నారు నాన్నా! పాపం నిలబెట్టకు, రా!" అని, అటు తిరిగి గొంతెత్తింది. "వస్తున్నానండీ! థాంక్యూ!"

హెడ్లీ నోరు తెరిచాడు. ఇచ్చిన మాట అడ్డం పడింది. అరిస్తే పిల్ల పోతుంది, అమ్మ దగ్గరికి, ఇక రాదు. అరవకపోతే...

"టిల్డా! ఆగు! ఆగవే!"

కొండంతా దద్దరిల్లేలా అరిచాడు. బ్రేకు కీచుమంది. వెనక చక్రం జారి, పిల్లా సైకిలూ పక్కకి పడి, గేటు గుంజ దాకా ఈడ్చుకుపోయి ఆగాయి.

అతను పరిగెత్తుకొచ్చేసరికి టిల్డా లేచి కూర్చుంది. మోకాలు చీరుకుపోయింది. కళ్ళు నిప్పులు కక్కుతున్నాయి. "అరిచావు! మాటిచ్చి కూడా... పాపం ఆవిడ మనకోసం నిలబడితే, ఆవిడ ముందే..." చుట్టూ చూసింది. ఎవరూ లేరు.

హెడ్లీ సైకిలు దీపం ఊడదీసి గేటు అవతలికి చూపించాడు. గుంజల దగ్గరే నేల తెగిపోయింది. మంచు. దాని కింద చాలా లోతున, రాళ్ళకి కొట్టుకుంటున్న నీళ్ళు.

టిల్డా చాలాసేపు అటే చూసింది. తర్వాత తండ్రి చొక్కా అంచు పట్టుకుంది. చిన్నప్పుడు రోడ్డు దాటేటప్పుడు అలాగే పట్టుకునేది. హెడ్లీకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఇక్కడి నుంచి పోదాం పద అన్నాడు. ఆమె కదల్లేదు.

"నాన్నా... ఆవిడ గేటు తెరిచి పట్టుకోలేదు." గుసగుసగా అంది. "నేను దగ్గర్నుంచి చూశాను. మూస్తోంది. రెండు చేతులతో, ఒళ్ళంతా ఆనించి తోస్తోంది. అది కదలట్లేదు."

హెడ్లీ దీపాన్ని మళ్ళీ గేటు మీదికి తిప్పాడు.

"మనం మూసేద్దాం."

"గేటు ఎలా ఉంటే అలా..." అలవాటుగా హెడ్లీ నోట్లోంచి వచ్చేసింది.

"నాన్నా!"

ఇద్దరూ భుజాలు పెట్టారు. బురద వదల్లేదు. మళ్ళీ తోశారు. మడతబందులు కీచుమన్నాయి గానీ గేటు జరగలేదు. మూడోసారి... ఉన్నట్టుండి తేలికైపోయింది. ఎవరో అవతలివైపు నుంచి పట్టుకుని లాగినట్టు తనంత తానే వచ్చి గుంజకి తగిలింది. హెడ్లీ ఏమీ ఆలోచించదలుచుకోలేదు. భుజాన ఉన్న పాత ట్యూబు తీసి గేటునీ గుంజనీ కలిపి గట్టిగా కట్టేశాడు. కుడిచేతి దారి వెతుక్కుని, సైకిళ్ళు నడిపించుకుంటూ ఊళ్ళోకి వచ్చి పడ్డారు. ఆ రాత్రి టిల్డా ఎవరికీ ఫోన్ చెయ్యలేదు.

పొద్దున్నే హెడ్లీ కొట్టుకెళ్ళి డెంజిల్‌కి జరిగింది చెప్పాడు. ఆయన కొత్త బోర్డు పట్టుకుని కొండెక్కాడు. తిరిగొచ్చి కారవాన్ తలుపు కొట్టాడు. హెడ్లీ టీ ఇచ్చాడు. మోకాలికి కట్టుతో టిల్డా మంచం మీద కూర్చుని వింటోంది.

"భేషుగ్గా కట్టావు నాయనా. ఇక ఏనుగొచ్చినా తెరుచుకోదు." టీ కప్పు చేతిలో పెట్టుకుని తాగకుండా కూర్చున్నాడు. "రెండో ముడి ఎవరు వేశారు?"

"రెండోదా? ఒక్కటే వేశానండీ, ట్యూబుతో."

"అది ఇటువైపు ఉంది. అటువైపు నుంచి ఇంకోటి కట్టి ఉంది... పాత వాన కోటు బెల్టు."

"అటువైపు ఎలా కడతారు? నిలబడటానికి నేలేది?"

డెంజిల్ కప్పు కింద పెట్టాడు. కిటికీ అవతల మళ్ళీ మంచు ముసురుకుంటోంది.

టిల్డా నెమ్మదిగా దుప్పటి దగ్గరికి లాక్కుంది.

"నాన్నా," అంది. "మనం గేటు మూసినప్పుడు... ఆవిడ ఎటువైపు ఉంది?"