బకెట్లో తేరిన నది

మధ్యాహ్నం పన్నెండు దాటింది. ఎర్ర కొండల నడుమ, నది ఒడ్డున చెట్టు నీడలో ట్రక్కు ఆపి గంటన్నర అయింది. మార్లీ అప్పటికే మూడుసార్లు నదిలో దిగింది. మూడుసార్లూ మోకాళ్ళ దాకా బురద. మూడుసార్లూ ట్రక్కు వెనక ఉన్న పెద్ద నీళ్ళ డబ్బా కుళాయి తిప్పి కాళ్ళు కడుక్కుంది.

మూడోసారి కడుక్కుంటుండగా రాతి మీద బల్లి ఒకటి పరుగెత్తింది. కుళాయి సరిగ్గా కట్టెయ్యకుండానే మార్లీ దాని వెనక పరుగెత్తింది.

నాన్న డెల్ చూసేసరికి డబ్బా ఖాళీ. కింద ఇసుక ఆ నీళ్ళన్నీ తాగేసి, ఏమీ ఎరగనట్టు ఆరిపోతోంది.

ఆయన కోప్పడలేదు. టోపీ తీసి తల గోక్కున్నాడు. విడిగా రెండు సీసాల నీళ్ళున్నాయి. రాత్రికీ, పొద్దున తిరుగు ప్రయాణానికీ సరిపోతాయి.

"కిటికీ దగ్గరికి మాత్రం వెళ్ళలేం" అన్నాడు. "నీళ్ళు లేకుండా ఈ ఎండలో నడిచేది లేదు."

కిటికీ అంటే పక్క లోయ చివర కొండగోడకి పడిన పెద్ద కన్నం. పొద్దు వాలే ముందు ఎండ అందులోంచి దూరి ఎదుటి గోడ మీద పడుతుంది. నానమ్మ వెల్డా దాన్ని చిన్నప్పటి నుంచీ చూస్తోంది. మార్లీ ఒక్కసారీ చూడలేదు. పోయినేడు అడిగితే, చిన్నదానివి, నడవలేవు అన్నారు. ఈ ఏడు పదేళ్ళు నిండాయి. కానీ వచ్చే నెల నానమ్మ మోకాలికి ఆపరేషన్. ఆ తర్వాత ఆ రాళ్ళు ఎక్కగలనో లేదోనని నానమ్మే అంది.

రేపు తెల్లారితే ఇంటికి బయల్దేరాలి. పొలంలో ఖర్బూజాలు కోతకొచ్చాయి. ఊరికి పోయి నీళ్ళు తేవాలంటే మట్టిరోడ్డు మీద రానూపోనూ నాలుగు గంటలు. కిటికీకి మిగిలింది ఈ ఒక్క సాయంత్రమే.

ఎదురుగా నది ఉందిగా, మన దగ్గర చేత్తో కొట్టే ఫిల్టర్ పంపు కూడా ఉందిగా అంది మార్లీ. నాన్న నది వైపు చూశాడు. ఇంత బురద నీళ్ళు ఆ పంపుతో లాగితే రెండు గ్లాసులకే ఫిల్టర్ మూసుకుపోతుందన్నాడు.

నానమ్మ మడత కుర్చీలోంచి లేచింది. "ఒరే డెల్, బకెట్ నింపుకురా. మీ తాతకి ఫిల్టర్ ఎక్కడిది?"

వంట పెట్టెలోంచి చిన్న రేకు డబ్బా తీసింది. అందులో ఊరగాయల్లో వేసే పటిక పొడి. అడుగున రెండు చిటికెలే ఉంది. ఒక చిటికెడు బకెట్లో వేసి, గరిటెతో తిప్పి, చెట్టు మొదట్లో పెట్టింది. నాలుగింటికల్లా పైనీళ్ళు తేరుకుంటాయనీ, అందాకా ఎవరూ ముట్టుకోవద్దనీ, కదపొద్దనీ చెప్పింది. నాలుగున్నరకి లోయలో నీడ దిగుతుంది. అప్పుడు బయల్దేరొచ్చు.

మార్లీ సరేనంది. చెట్టు చుట్టూ తిరిగింది. బకెట్లోకి తొంగి చూసింది. ఏ మార్పూ లేదు. రాళ్ళు ఏరింది, నదిలోకి విసిరింది. మళ్ళీ వచ్చి చూసింది. బురద ఎంత లోతుకి దిగిందో తెలుసుకుంటే బాగుండుననిపించి ఒక పుల్ల ముంచింది. కాసేపాగి మళ్ళీ, మళ్ళీ ముంచింది. అంచు దగ్గర కొంచెం తేటగా ఉన్నట్టనిపిస్తే, ఇంకా బాగా కనపడాలని బకెట్ని కాస్త వంచింది. అడుగు నుంచి ఎర్రమబ్బులా బురద లేచింది.

రెండింటికి నానమ్మ వచ్చింది. బకెట్లో నది ఎలా ఉందో అలాగే ఉంది.

"ఎన్నిసార్లు ముంచావ్?"

"రెండు."

నానమ్మ కింద పడున్న పుల్ల తీసింది. దాని మీద ఒకదాని పైన ఒకటి బురద చారలు ఆరి ఉన్నాయి. మార్లీ తల దించుకుంది.

"ఏడుసార్లు" అంది.

బకెట్‌ని ట్రక్కులో పెట్టి తాళం వేద్దామన్నాడు నాన్న. నానమ్మ వద్దంది. మిగిలిన చిటికెడు పటిక వేసి, తిప్పి, డబ్బా బోర్లించి చూపించింది. ఇంక లేదు. ఇప్పటినుంచైనా కదపకపోతే నాలుగింటికి కాస్తయినా తేరుకుంటాయంది.

"దీని కాలూ చెయ్యీ నిలవకపోవడం నీ పోలికేరా, డెల్. కాపలా ఇదే ఉంటుంది" అని, మొహం మీద టోపీ వేసుకుని పడుకుంది.

మార్లీ బకెట్ ముందు కూర్చుంది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది. చేతులు ఆగాయి, కాళ్ళు ఆగలేదు. మడమలు నేలకేసి కొడుతూనే ఉన్నాయి. బకెట్లో నీళ్ళ మీద సన్నగా వలయాలు లేచాయి. గాలి లేదు. ఎందుకు లేస్తున్నాయా అని చూసింది. తన మడమల వల్లే. కాళ్ళు ముడుచుకుంది.

చీమ ఒకటి మోచేతి మీదికి ఎక్కింది. పైనుంచి పచ్చటి ఆకు ఒకటి వచ్చి నీళ్ళ మీద పడింది. తీసెయ్యాలని చెయ్యి దానంతటదే బయటికొచ్చింది. మార్లీ దాన్ని మళ్ళీ తొడ కింద పెట్టుకుంది. ఇంకేం చెయ్యాలో తోచక ఆకునే చూస్తూ కూర్చుంది.

చాలాసేపు అది ఒక్క ఆకే. తర్వాత ఎప్పుడో, కొమ్మల సందులోంచి ఎండ పడినప్పుడు, కింద ఇంకో ఆకు కనిపించింది. నల్లగా, మసగ్గా. మార్లీ ఊపిరి బిగబట్టింది. అది ఆకు నీడ. అడుగున పేరుకున్న బురద మీద పడింది. అంటే మధ్యలో ఉన్నవి తేట నీళ్ళు.

నాలుగింటికి నాన్న పంపు తెచ్చి, గొట్టాన్ని గబుక్కున నీళ్ళలోకి దించబోయాడు. మార్లీ ఆయన మణికట్టు పట్టుకుంది.

"మెల్లగా, నాన్నా. అడుక్కి తగలనివ్వకు."

నాన్న ఆమె మొహంలోకి చూశాడు. గొట్టం కొనని పైపైనే ఉంచాడు. ఆరు సీసాలు నిండాయి. బకెట్ వంచితే ఇంకో సగం సీసా వస్తుందేమో అన్నాడు. రాదంది మార్లీ.

దారిలో ఆమె ముందుకు పరుగెత్తలేదు. నానమ్మ చేతికర్ర పెట్టిన చోట అడుగు పెడుతూ వెనకే నడిచింది. నానమ్మ ఆగితే ఆగింది, సీసా మూత తీసి అందించింది.

కిటికీ దగ్గరికి చేరేసరికి ఎదుటి గోడ ఇంకా బూడిదరంగులోనే ఉంది. నానమ్మ రాతి మీద కూలబడి మోకాలు రాసుకుంది. నాన్న వాచీ చూసుకున్నాడు. అటు నడిచాడు, ఇటు నడిచాడు, మళ్ళీ వాచీ చూసుకున్నాడు. చీకటి పడితే టార్చీల వెలుగులో దిగాలి, ఇంకెంతసేపు అన్నాడు.

మార్లీ చేతులు తొడల కింద పెట్టుకుని గోడనే చూస్తోంది. కొంచెం జరిగి తన పక్కన చోటిచ్చింది.

"కూర్చో నాన్నా" అంది. "ఎండ దానంతటదే వస్తుంది."