నా పంచమం ఎక్కడ?

ఆ మధ్యాహ్నం అశోక్‌నగర్ హాల్లో రాఘవేందర్‌ని మైకు స్టాండుతో కొట్టేదాన్నే. చేతికందలేదు కాబట్టి బతికిపోయాడు.

సాయంత్రం నా మొదటి కచేరీ. స్పీకర్లు ఒకటే బుయ్‌మంటుంటే, ఈసీఈలో నా క్లాస్‌మేట్ కదా అని వీణ్ణి సాయమడిగాను. ఫిల్టర్ పెట్టె ఒకటి తయారుచేసి మైకుకీ యాంప్లిఫయర్‌కీ మధ్య తగిలించాడు. మోత పోయింది. మంద్రస్థాయిలో పంచమానికి దిగగానే నా గొంతు కూడా పోయింది!

"నా పంచమం ఏదిరా?" అని అరిచాను.

"జర ఆగు హారతీ. మూడొందల హెర్ట్జ్ కిందిదంత కట్ చేసిన. నీ గొంతు గంత కిందికి పోదు కదా!"

"ఎవరు చెప్పారు నీకు?"

"చెక్ చేసిన."

"నీ ముందు నేనెప్పుడు పాడాను?"

చేతిలోని ఫోన్ వెనక్కి దాచుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయి ఫోన్ లాక్కున్నాను. అందులో అంతా నేనే! కాల్స్‌లో నేను ల్యాబ్ సార్‌ని తిట్టిన తిట్లు, మాటల మధ్య తీసిన కూనిరాగాలు, అన్నీ రికార్డు చేసి దాచుకున్నాడు.

"అడక్కుండా రికార్డు చేస్తావా? సిగ్గులేదూ?"

"తప్పే. నువ్వు ఫోన్ పెట్టేసినంక మళ్ల ఇనాలనిపిస్తది. ఏం జెయ్యాలె? నువ్వంటే ఇష్టం నాకు."

"ఇష్టమట! ఫోన్‌లో మూడొందల కింద ఏదీ సరిగ్గా రాదని క్లాసులో చెప్పలేదట్రా, మొద్దూ? సగం గొంతు విని ఫిల్టర్ చేశావా?"

వాడి మొహం పాలిపోయింది.

"అన్నీ డిలీట్ చెయ్."

ఒక్కటి కూడా మిగల్చకుండా తీసేశాడు. అప్పుడు వాడి కళ్లు చూస్తే జాలేసింది. జాలేసినందుకు ఇంకా కోపమొచ్చింది.

"ఇప్పుడు పాడతాను. ఎదురుగా కూచుని విను."

కోపంతోనే మంద్ర పంచమం పట్టుకుని నిలబడ్డాను. వాడు విని, కొలిచి, రెసిస్టర్లు మార్చాడు.

"నూట ఇరవైకి దించిన. జర బుయ్‌మంటది మరి."

"అననీ. నా పంచమం పోకూడదు."

సాయంత్రం స్పీకర్లు సన్నగా మూలుగుతూనే ఉన్నాయి. పంచమం మాత్రం చివరి వరసదాకా వెళ్లింది. చప్పట్లు ఆగి జనం వెళ్లాక వేదిక దిగాను.

వైర్లు చుట్టుకుంటూ రాఘవేందర్ నెమ్మదిగా అడిగాడు. "ఇగ ఫోన్ చెయ్యొద్దా?"

"వద్దు."

తల దించుకున్నాడు.

"నారాయణగూడలో మా ఇల్లు తెలుసుగా? పొద్దున్నే సాధన చేస్తాను. వచ్చి విను. దొంగతనంగా కాదు, మా నాన్నగారికి చెప్పి కూచో."

"ఆయన కోపం జేస్తే?"

"చేస్తారు. ఆయనకి నాకన్నా కోపం ఎక్కువ. అయినా రా."