బుల్లి రైలు గేటు దగ్గర ఎర్రదీపం

రాజోలు దాటాక కాలవ పక్కన ఒక మట్టిగట్టు ఉంది. దాని మీద పట్టాలు లేవు, రైలు లేదు. అయినా అందరూ దాన్ని రైలుగట్టు అనే అంటారు. ఆ గట్టు మీద, పక్కనున్న పేటకి కాస్త ఇవతల, కప్పు ఎగిరిపోయిన చిన్న గది ఒకటి… గేటుగది. చీకటి పడ్డాక అక్కడ ఆగకూడదు. పిలిస్తే పలక్కూడదు. వెనక్కి అసలే చూడకూడదు.

ఎందుకంటే అక్కడ ఎర్రదీపం ఊగుతుంది.

రోజూ కాదు. ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి. అది కనిపించిందా — మర్నాడు పేటలో ఒక ఆడమనిషి శవం లేస్తుంది.

గేటు కాసినవాడి పెళ్ళాం దెయ్యమైందంటారు. గేటు వేయడం మరిచిపోయి ఎవరినో రైలు కింద పడేసిందట, ఆ పాపం పట్టుకుందట. ఎవరు పడ్డారో, ఎప్పుడు పడ్డారో ఎవరూ చెప్పలేరు. మన ఊళ్ళలో మగదెయ్యాలు అంత తక్కువెందుకో నాకెప్పుడూ అర్థం కాదు. బతికుండగా మాట్లాడనివ్వని మనిషికి చచ్చాక అరిచే హక్కు ఇస్తారు కాబోలు.

ఈ కథ అందరికంటే బాగా చెప్పేది 108 బండి తోలే కేశవరావు. టీకొట్టు దగ్గర అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేవాడు.

"ఇరవై రెండేళ్ళయిందండి. అప్పట్లో రొయ్యల వ్యాను తోలేవోణ్ణి. వెనకాల నిండా మంచుగడ్డలు. గేటు దగ్గరికొచ్చేసరికి… ఎర్రగా ఊగుతోందండి. పట్టాలు పోయినా అక్కడ మెరక పోలేదు కదా, బండి కాస్త స్లో చేశాను. తెల్లచీర నా మీదకే వచ్చేసింది! తొక్కేను చూడండి… వెనకాల దడేల్‌మని తలుపు లాగింది. ఇంటికొచ్చి చూస్తే తలుపు బార్లా తీసుంది, ఒక మంచుగడ్డ తక్కువైంది!"

"దెయ్యానికీ ఐసు కావాలా బాబాయ్ గారూ?" అని శారోన్ నవ్వేది. అదే బండిలో రోగుల్ని చూసుకునే అమ్మాయి శారోన్. ఈ సంగతంతా నాకు చెప్పింది ఆమే.

"నవ్వండి, నవ్వండి. మర్నాడు పేటలో ఒకావిడ పోయింది. నేను ఆగలేదు కాబట్టే ఇలా మీ ముందు నిలబడ్డాను. ఆయ్."

ఆ గట్టు మీద ఒకప్పుడు నడిచినదాన్ని బుల్లి రైలనేవారు. రెండున్నర అడుగుల పట్టాలు, బొమ్మలాంటి ఇంజను, నాలుగు పెట్టెలు. రేవు నుంచి మిషన్ ఆసుపత్రి ఉన్న ఊరిదాకా వెళ్ళేది. కొబ్బరికాయల కోసం, ధాన్యం బస్తాల కోసం వేశారు. మనుషులు తర్వాత ఎక్కారు. సైకిలు తొక్కేవాడు కూడా దాన్ని దాటిపోయేవాడట.

యాభై అయిదేళ్ళ కిందట వంతెన వచ్చింది. తోటలున్నవాళ్ళకి లారీలొచ్చాయి. ఇక రైలు దండగన్నారు. మూసేస్తున్నామన్న కాగితం స్టేషను గోడకి ఇంగ్లీషులో అంటించారు. ఆఖరి రోజున ఇంజనుకి కొబ్బరాకులు కట్టి ఫోటో దిగారు. ఆ ఫోటో నేను చూశాను. ఇంజను కనపడనంతమంది మగవాళ్ళున్నారు, ఒక్క ఆడమనిషి లేదు. తర్వాత పట్టాలు పీకారు. ఒకరి పశువులపాకకి దూలమైంది, ఒకరి వాకిట్లో గేటు స్తంభమైంది. పేటవాళ్ళకి దక్కింది మూరెడు ముక్క. చర్చి ముందు వేలాడదీసి గంటలా కొడతారు.

పోయిన అక్టోబరులో తుపాను వచ్చిన రోజు. పొద్దున్నే పేట నుంచి ఆశా వర్కరు భవానీదేవి ఫోను చేసింది. పింకీ అనే అమ్మాయికి నెలలు నిండాయి, తొలికాన్పు, బీపీ బాగా ఎక్కువగా ఉంది, రాత్రికి మళ్ళీ చేస్తానంది. మధ్యాహ్నానికి టవర్లు పడిపోయాయి. సాయంత్రానికి కరెంటు లేదు, ఏ ఫోనూ లేదు.

"ఫోను రాలేదంటే అవసరం పడలేదనే కదమ్మా," అన్నాడు కేశవరావు.

"ఎలా వస్తుంది బాబాయ్ గారూ? మనమే వెళ్దాం."

తారురోడ్డు నడుంలోతు నీళ్ళలో ఉంది. మిగిలిన దారి ఒక్కటే… రైలుగట్టు.

ఏడున్నరయింది. వాన అద్దం మీద కొడుతోంది. గట్టుకి అటు కాలవ, ఇటు చేలు — రెండూ ఒక్కటైపోయాయి. కేశవరావు పెదాలు ఏదో జపిస్తున్నట్టు కదులుతున్నాయి.

"గేటు దగ్గర మాత్రం ఆపనమ్మా," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "ఏం కనపడినా సరే. పేటలోనే ఆపుతాను."

శారోన్ జవాబు చెప్పబోయింది. అప్పుడు కనిపించింది.

ఎర్రగా… చిన్నగా… అటూ ఇటూ ఊగుతూ.

"చూడకండమ్మా!" కేశవరావు ఉన్న బలమంతా పెట్టి తొక్కాడు. బండి మెరక మీద ఎగిరిపడింది. పక్కనించి ఒక చెయ్యి అద్దం మీద తట్టింది — తడిచెయ్యి. తర్వాత చీకటి.

కానీ ఆ ఒక్క క్షణంలో హెడ్‌లైటు వెలుగులో శారోన్ ఇంకొకటి చూసింది. నాలుగు మంచంకోళ్ళు. నులక.

"దెయ్యాలు మంచం తెచ్చుకోవు బాబాయ్ గారూ! ఆపండి!"

అతను ఆపలేదు. ఆమె తలుపు తీసి ఒక కాలు బయట పెట్టింది. అప్పుడు ఆపాడు. బండిని వెనక్కి తీసుకొచ్చాడు.

గేటుగది గోడవార మంచం, దాని మీద టార్పాలిన్. కింద పింకీ… కళ్ళు తేలేస్తోంది. టార్పాలిన్ ఎగిరిపోకుండా పట్టుకుని ఆమె మొగుడు చిన్నా. ఎర్ర అద్దాల లాంతరు పట్టుకుని ఎనభైకి దగ్గరపడిన ముసలావిడ, తలమీద ఎరువుల సంచి. ఆమె బండిని నమ్మలేనట్టు అరచేత్తో తడిమింది.

"ఆగింది… ఒరే చిన్నా, ఆగిందిరా!"

పింకీని ఎక్కించారు. ముసలావిడా ఎక్కింది. పేరు సలోమి, చిన్నాకి నాయనమ్మ. శారోన్ సూది వేసి, నాడి పట్టుకుని కూర్చుంది. పింకీ ఒళ్ళు కాస్త కుదుటపడ్డాక అడిగింది.

"ఈ దీపం ఏంటి మామ్మగారూ?"

"రైలు నాటిదమ్మా. గేటు దగ్గర రైలాగదు కదా. ఎర్రదీపం అడ్డంగా ఊపితే పురుటిమనిషి ఉన్నట్టు. డ్రైవరుకీ గార్డుకీ అందరికీ తెలుసు. ఆపి, గార్డు తన పెట్టెలో పడుకోబెట్టుకుని మిషన్ ఆసుపత్రికి తీసుకుపోయేవోడు. ఉద్యోగం మా ఆయన పేతురుదే. సందేళయ్యేసరికి ఆయన కల్లుపాకలో ఉండేవోడు, దీపం నేను ఊపేదాన్ని."

"రైలు పోయాక?"

"గట్టు మీద బళ్ళొచ్చేయి. రైలాగినప్పుడు బళ్ళాగవా అనుకున్నాం. నొప్పులు ముదిరినప్పుడల్లా మంచం మోసుకొచ్చి ఊపుతూనే ఉన్నాను. దీపం చూసి ఇంకా జోరుగా పోయేవోరు. ఎందుకో నాకిప్పటికీ తెలీదమ్మా."

శారోన్‌కి తెలుసు. దీపం కనిపిస్తే చావొస్తుందన్నారు. కాన్పు కష్టమైతే దీపం వచ్చేది. దీపాన్ని చూసి వీళ్ళు పారిపోతే చావొచ్చేది.

"ఒక్కసారి మాత్రం ఒక వ్యాను నెమ్మదించింది," అంది సలోమి. "ఇరవై రెండేళ్ళయింది. ఈ మంచం మీదే మా చిన్నకోడలు సువార్త. ఆగుతుందని ఎదురు పరిగెత్తేను. ఆగలేదు. మెరక మీద ఎగిరి, వెనక తలుపు ఊడి… ఒక మంచుగడ్డ పడింది."

డ్రైవరు వెనకున్న చిన్న కిటికీలోంచి శారోన్‌కి అతని ముందున్న అద్దం కనిపిస్తోంది. అందులో కేశవరావు కళ్ళు.

"పొద్దున్నించి అరిచి అరిచి దాని నోరు పిడచకట్టుకుపోయిందమ్మా. ఆ మంచు కొంగులో చితక్కొట్టి నోట్లో పెట్టేను. 'చల్లగా ఉందత్తా' అంది. అంతే. ఇంకేం మాటాడలేదు… తెల్లారగట్ల పోయింది. ఆ వ్యానబ్బాయి ఎవరో గానీ, ఎంత తొందర మీదున్నాడో, ఆ ముక్కన్నా వదిలి పోయేడు. ఇప్పటికీ ప్రార్థనలో తలుచుకుంటాను. ఎక్కడున్నా పిల్లాపాపలతో బాగుండాలని."

బండిలో ఇంజను చప్పుడు, వాన చప్పుడు. కేశవరావు అద్దంలో తన మొహం చూసుకుని, దాన్ని పక్కకి తిప్పేశాడు.

పెద్దాసుపత్రిలో అర్ధరాత్రి దాటాక పింకీకి ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ బతికారు. సలోమి ఆ మాట చెప్పడానికి బండి దగ్గరికి వస్తే, కేశవరావు దిగి ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. వానలో అలిసిపోయాడనుకుని ఆవిడ అతని తల తుడిచింది.

తర్వాత టీకొట్టు దగ్గర అతను ఆ కథ చెప్పలేదు. ఒకరోజు రొయ్యల చెరువుల తాతబ్బాయి ఆటపట్టించాడు.

"ఏవండీ కేశవరావు గారూ, తుపాను రాత్రి దెయ్యాన్ని మళ్ళీ చూశారంట?"

కేశవరావు గ్లాసు కింద పెట్టాడు.

"ఆయ్. చూశానండి."

"ఎక్కడా, గేటు దగ్గరేనా?"

"గేటు దాటాకండి… బండి అద్దంలో."